మోటారు పొసగని దారి

ఆదివారం పొద్దున తడ నుంచి వచ్చే మొదటి ట్రైన్‌లో సుభాషిణి గూడూరులో దిగేది. స్టేషన్ బయట ఖుర్షీదా, ఆమె భర్త మౌలా కాచుకొనుండేవాళ్లు. మౌలా నిమ్మకాయల వ్యాపారి. బస్తాలు వేసే ట్రాలీ ఆటోలో ఆ ఒక్కరోజు రెండు సైకిళ్లు ఉండేవి. వాళ్లిద్దరినీ రాపూరు దాటించి, వెలిగొండల కింద దించి, బజారుకు వేళయిందని వెనక్కి పోయేవాడు. రెండేళ్లుగా ఇదే వరస.

సుభాషిణిది పులికాట్ ఒడ్డున చేపలు పట్టే ఇల్లు. వాళ్ల ఊళ్లో అన్నిటికన్నా ఎత్తైనది ఎండుచేపల పందిరి. వారానికి ఆరు రోజులు తడ దగ్గర చెప్పుల ఫ్యాక్టరీలో నిలబడి పనిచేసే పిల్లకి కొండ ఎక్కడమంటే ఏందో తెలీదు. నేర్పింది ఖుర్షీదా. ఆమె గూడూరులో జాకెట్లు కుడుతుంది. యాభైకి ఒక ఏడాది తక్కువ. షుగర్ ఉంది, నడవమన్నాడు డాక్టర్. "నడిస్తే యాడికని అందరూ అడుగుతారు. సైకిల్ మీదైతే వాళ్లు అడిగేలోపల దాటిపోవచ్చు" అని లావు టైర్ల సైకిల్ కొనుక్కుంది. సైకిల్ షాపులో గాలి పట్టించుకుంటా ఇద్దరూ పరిచయమైనారు.

వాళ్లు ఎక్కే దారి ఒకప్పుడు అభ్రకం లారీలు తిరిగినది. కొండను చెక్కి వేసిన ఎనిమిది కిలోమీటర్ల కంకర దారి, ఒక పక్క నిట్టనిలువు బండ, ఇంకో పక్క లోయ. కంకరలో కాకిబంగారం తునకలు ఎండకు మెరుస్తాయి. గనులు మూతపడినాక ఆ దారికి మోటారు సద్దు పొసగకుండా పోయింది. ఇంజన్ వినబడితే చాలు, ముడుచుకొని లేచిపోతుంది. నాలుగేళ్ల కింద ఎవరో జీపుతో ఎక్కబోతే, పోయి మూడు వారాలు అవతలి కొండ మీద పడుకుంది. ఇక్కడ వట్టి బండ మిగిలింది. రాపూరు చుట్టుపక్కల అందరికీ ఇది తెలుసు. అందుకే కింద సున్నం పూసిన రాయి దగ్గరే బండ్లు ఆపి ఇంజన్లు కట్టేస్తారు. పైన సైకిళ్లు, మేకలు, కట్టెలకు పోయేవాళ్లు, అంతే.

ఆ కార్తీకంలో నాలుగు రోజులు వాన పట్టింది. ఆదివారానికి తెరిపిచ్చింది గానీ కంకర వదులైపోయుంది. తొమ్మిదో మలుపు దగ్గర ఖుర్షీదా ముందు చక్రం జారింది. వెనకాల వస్తున్న సుభాషిణి చూస్తుండగానే ఆమె సైకిల్‌తో సహా ఎగిరి బండకు కొట్టుకొని, దారి మధ్యలో పడింది.

"అక్కా!"

ఖుర్షీదా లేవబోయింది, లేవలేకపోయింది. కుడి తొడ ఉండకూడని చోట వంగి ఉంది. సల్వార్ ఎర్రగా నానిపోతా ఉంది. సుభాషిణి తన చున్నీ తీసి గాయం పైన బిగించి కట్టింది. ముడి రెండుసార్లు జారింది.

"గట్టిగా లాగు. నేను అరిస్తే అరిచినాలే" అంది ఖుర్షీదా.

అక్కడ ఫోన్ అందదు. సుభాషిణి పైకి పరుగెత్తి, ఒక గుండు మీదికెక్కి చెయ్యెత్తి పట్టుకుంటే సిగ్నల్ ఒక గీత వచ్చింది. అంబులెన్స్‌కి చేసింది. ఎక్కడ, ఎవరికి, ఎంత రక్తం పోతోంది, అన్నీ చెప్పింది. "బండి బయల్దేరింది. ఇరవై నిమిషాల్లో వస్తుంది. కొత్త డ్రైవరు, దారి చెప్పండమ్మా" అందొక గొంతు.

"సున్నపు రాయి కాడ ఇంజన్..." అంటుండగా లైన్ తెగింది. మళ్లీ కలవలేదు.

కిందికొచ్చి ఆ మాట చెప్పేసరికి ఖుర్షీదా మొహం ఇంకా పాలిపోయింది. కొత్తవాడు రాయి దగ్గర ఆగడు. ఇంజన్‌తోనే ఎక్కుతాడు. దారి లేచిపోతే దాని మీదున్న మనిషి ఏమవుతుందో ఎవరికీ తెలీదు. పక్కకు జరుపుదామంటే ఒక పక్క బండ, ఒక పక్క లోయ.

"నిన్ను ఒంటరిగా వదిలి ఎట్ట పోవాలక్కా?"

"ఇక్కడుంటే ఇద్దరం పోతాం. పో." చున్నీ ముడి మీద రెండు చేతులూ పెట్టి అదుముకుంది ఖుర్షీదా. "మలుపుల్లో ముందు బ్రేక్ పట్టకు. ఒళ్లు బిగించుకోకు."

సుభాషిణి సైకిల్ ఎక్కింది.

ఎప్పుడూ గంట పట్టే దిగుడు. ఇప్పుడు ఉన్నది పదిహేను నిమిషాలు. ఎనిమిదో మలుపులో వెనక చక్రం లోయ వైపు ఈడ్చుకుపోయింది. ఏడో మలుపులో కాలు ఆనించి నిలబెట్టుకుంది, చెప్పు తెగి పడిపోయింది. కళ్లలో నీళ్లు గాలికో, భయానికో తెలీలేదు. రాళ్లు టైర్ల కింద చిటపటమని ఎగురుతున్నాయి. అక్కకి ఇంకా తెలివి ఉందా? చేతులు అదిమే ఉన్నాయా? వెనక్కి తిరిగి చూడాలనిపించింది. చూడలేదు.

నాలుగో మలుపు దగ్గర వినబడింది. ముందు సైరన్, దాని వెనకాల డీజిల్ ఇంజన్.

కింద కంకర కదిలింది. నిద్రలో ఉన్న జంతువు చర్మం ఈగ వాలితే అదిరినట్టు అదిరింది. లోయ అంచున రాళ్లు ఒకటొకటిగా రాలిపోసాగాయి. దారి అంచులు పైకి వంకర తిరిగాయి. సుభాషిణి బ్రేకులు వదిలేసింది. మూడో మలుపు వచ్చింది, కన్ను మూసి తెరిచేలోపల రెండోది. తను అంత వేగంగా పోతున్నానా అని కూడా ఆలోచించే తీరిక లేదు.

మొదటి మలుపు తిరిగేసరికి ఎదురుగా తెల్ల బండి. ముందు చక్రాలు సున్నపు రాయి దాటేశాయి.

"ఆపన్నా! ఇంజన్ ఆపు!"

ఆమె సైకిల్ అడ్డంగా జారి బంపర్‌కి మూరెడు దూరంలో పడింది. డ్రైవర్ కిటికీలోంచి తల బయటపెట్టాడు. "ఏందమ్మా? పేషెంటు నువ్వేనా?"

"దారి పోతా ఉందన్నా! తాళం తిప్పు!"

అతను చూశాడు. బండి కిందే కంకర లేస్తోంది. వెంటనే తాళం తిప్పేశాడు.

కొండంతా నిశ్శబ్దమైపోయింది. లేచిన కంకర ఒక క్షణం అట్టాగే నిలబడింది. తర్వాత మెల్లగా, రాయి రాయిగా, సర్దుకుంది.

"ముందే ఒక మాట చెప్పుంటే రాయి కాడే ఆపేవాణ్ణి కదమ్మా" అన్నాడు డ్రైవర్. పేరు పోలేరయ్య, బుచ్చిరెడ్డిపాలెం నుంచి వచ్చి వారమైంది.

వెనక తలుపు తెరుచుకొని ఏసుమణి అనే నర్సు దిగింది. "ఆమె యాడుంది?"

సుభాషిణి కొండ వైపు తిరిగింది. తొమ్మిది మలుపులు. ఇంజన్ లేకుండా. చెయ్యెత్తి పైకి చూపించబోయి, ఆగిపోయింది.

మొదటి మలుపు దగ్గరే, పిలిస్తే పలికే దూరంలో, ఖుర్షీదా పడుకొనుంది. పక్కనే ఆమె సైకిల్. దారి పోదామని ముడుచుకున్నది ముడుచుకున్నట్టే ఆగిపోయింది. తొమ్మిదో మలుపు వచ్చి మొదటి మలుపుకు అంటుకొనుంది.

ముగ్గురూ స్ట్రెచర్ తీసుకొని పరుగెత్తారు. ఖుర్షీదా చేతులు ముడి మీదే ఉన్నాయి. కళ్లు సగం తెరిచి, "ఏం సుభా, ఇంకా పోలేదా?" అంది.

ఏసుమణి ఆమె చేతుల మీద తన చేతులేసి అదిమింది. బండిలో ఎక్కించినాక ముగ్గురూ కలిసి బండిని రాయి ఇవతలికి తోశారు. ఆ తర్వాతే పోలేరయ్య తాళం తిప్పాడు.

నెల్లూరులో ఆపరేషన్ చేసి తొడలో రాడ్డు వేశారు. ఇంకో అరగంట అయ్యుంటే తెచ్చీ లాభం ఉండేది కాదన్నాడు డాక్టర్. మౌలా వార్డు బయట గోడకానుకొని, "ఇంక సైకిల్ మాట ఎత్తితే చూడు" అన్నాడు. ఎవరితో అన్నాడో తెలీదు. సుభాషిణి తల వంచుకుంది.

దారి మాత్రం మళ్లీ విచ్చుకోలేదు. చలికాలం పోయి ఎండలు వచ్చినా ఒక్క మలుపంతే ఉండిపోయింది. కట్టెలకు పోయేవాళ్లు గుట్ట ఎక్కి చుట్టు తిరిగి పోయేవాళ్లు. సైకిళ్ల వాళ్లు వచ్చి, ఆ కాస్త దూరం తొక్కి, వెనక్కి తిరిగేవాళ్లు. దాన్ని ఎవరూ ఏమీ అనలేదు.

ఏడో నెలలో ఖుర్షీదా కర్ర వదిలేసింది. ఆ ఆదివారం మౌలా తనే రెండు సైకిళ్లూ ట్రాలీలో ఎక్కించాడు. సున్నపు రాయికి వంద గజాల ముందే ఇంజన్ ఆపి, బండిని తోసుకుంటా తెచ్చి నిలిపాడు.

"ఒక్క మలుపేగా. నేను ఈడనే నిలబడి చూస్తా ఉంటా."

ఖుర్షీదా కుడికాలు పెడల్ మీద పెట్టింది. కాసేపు అట్టాగే నిలబడింది. సుభాషిణి తన సైకిల్ ఆమె పక్కకు తెచ్చి నిలిపింది.

ఇద్దరూ కదిలారు. మెల్లగా, నడిచే మనిషికన్నా మెల్లగా. మలుపు తిరిగారు. అక్కడ దారి ఆగిపోవాలి. ఆగలేదు. తడి ఆరిన కంకర ఎండకు మెరుస్తా ముందుకు పోయి, రెండో మలుపు దగ్గర కొండ వెనక్కి తిరిగింది.

ఖుర్షీదా గేరు మార్చింది.

"సుభా," అంది వెనక్కి తిరక్కుండా, "మౌలాకి ఒక కేకెయ్యి. ఆలస్యమౌతుందని చెప్పు."