బాబా అడిగిన చింతపండు

మస్కట్‌లో, ఖురం దగ్గర ఒక ఒమానీ పెద్దాయన ఇంట్లో నేను పని చేస్తాను. మా ఆయన ఏసుదానం వాళ్ల డ్రైవరు. ఇంటి వెనక గది మాది. మా పాప సూసన్‌కి నాలుగో ఏడు. దాని వీసా కాగితాలు పెద్దాయనే దగ్గరుండి చేయించారు. అందుకే ఆయనకి ఎక్కడ కోపమొస్తుందోనని నాకు ఎప్పుడూ గుండెల్లో గుబులే. ఆయన్ని మేమంతా బాబా అంటాం.

బాబాకి పాత కార్బైన్లంటే ప్రాణం. కార్బైన్లంటే గుర్రం మీద కూర్చుని కాల్చే పొట్టి తుపాకులు. అవి కూడా నూట యాభై ఏళ్ల కిందట అమెరికాలో చేసినవే కావాలి. అంతకుముందు తుపాకీ ఒకసారి పేలిస్తే మళ్లీ నింపుకోవాల్సిందేనంట. వీటిని ఒక్కసారి నింపి, కింద ఉన్న కొక్కెం లాగుతూ ఉంటే పది పన్నెండు గుండ్లు వరసగా పేలేవంట. ఎనిమిదితో చదువాగిన నాకు ఇవన్నీ బాబాయే చెప్పారు. ఇంట్లో ఒక్క గుండు లేదు, ప్రతిదానికీ పోలీసు కాగితం ఉంది. అయినా సూసన్ ఆ తుపాకుల గది వైపు నడిచిందంటే నా చేతిలో పని ఆగిపోతుంది.

ఉన్న పదకొండింటిలో ఒక్కదానికే నడుం భాగం ఇత్తడి. నేను పనిలో చేరిన మొదటి నెలలో, ఒక శుక్రవారం బాబా మసీదుకి వెళ్లినప్పుడు, నల్లగా ఉందని దాన్ని చింతపండు పెట్టి తోమేశాను. మా ఊళ్లో చర్చి కానుక పళ్లేలు, ప్రభు భోజనపు బల్ల గిన్నెలు మా అమ్మే తోమేది, ఇత్తడికి పాత చింతపండే మేలనేది. శనివారం శనివారం నేనూ పక్కన కూర్చునేదాన్ని. ఆ చేత్తోనే గంటసేపు రుద్ది, బంగారంలా చేసి పెట్టాను, మెచ్చుకుంటారని.

బాబా వచ్చి చూసి కుర్చీలో కూలబడ్డారు. రెండు రోజులు ఆ గది తలుపే తియ్యలేదు. మూడో రోజు నన్ను పిలిచి, ఆ నలుపు మురికి కాదమ్మా, అది దాని వయసు అన్నారు. అంతే. ఇంటికి పంపెయ్యలేదు. ఆ గదిలో దుమ్ము దులిపే పని కూడా నాకే ఉంచారు.

అప్పటినుంచి రెండేళ్లు దాన్నే చూస్తూ వచ్చాను, ఎప్పుడు నల్లబడుతుందా అని. ముందు మూలల్లో, స్క్రూల చుట్టూ గాడిలో నల్లబడింది. బాబా చెయ్యి పట్టే చోట మాత్రం ఇంకా పచ్చగానే ఉంది.

మొన్న ఫిబ్రవరిలో ఫుర్ఖాన్ అనే వ్యాపారి దానికి జత దొరికిందంటూ ఇంకో ఇత్తడి కార్బైన్ తెచ్చాడు. అలాంటివి లోకంలో చాలా కొద్దిగానే మిగిలాయంట. బాబా మొహం పెళ్లికొడుకు మొహంలా ఉంది. కాఫీ పెడుతూ నేనూ చూశాను. నడుమంతా ఒకటే నలుపు. చెయ్యి పట్టే చోట కూడా నలుపే. స్క్రూల చుట్టూ గాడిలో మాత్రం పసుపు పూసినట్టు పచ్చగా ఉంది.

గుమ్మంలో ఉన్న ఏసుదానం నా మొహం చూసి, వద్దని తల అడ్డంగా ఊపాడు. సూసన్ నా చున్నీ పట్టుకుని నిలబడి ఉంది. నేను చెప్పింది తప్పయితే ముగ్గురం బట్టలు సర్దుకోవాల్సిందే. అయినా నోరు ఆగలేదు.

"బాబా, చెయ్యి పడే చోట ఇత్తడి నల్లబడదు. ఇది మొత్తం తిరగేసి ఉంది."

ఫుర్ఖాన్ నవ్వాడు. నేను తోమిన సంగతి పాత తుపాకులు అమ్మేవాళ్లందరికీ తెలుసు.

"తుపాకీని అంట్లగిన్నెలా తోమిన మనిషివి నువ్వే కదా. నువ్వా మాకు చెప్పేది?" అన్నాడు హిందీలో.

బాబా నవ్వలేదు. రెండింటినీ పక్కపక్కన పెట్టి భూతద్దంతో చాలాసేపు చూశారు. తర్వాత నా వైపు తిరిగారు.

"చింతపండు తీసుకురా, దెబోరా."

మరక పడితే ఎవరూ కొనరని ఫుర్ఖాన్ అడ్డం పడ్డాడు. మరక పడితే మరకతోనే నేను కొంటాను, మాట ఇస్తున్నాను అన్నారు బాబా.

గుడ్డ కొసకి పులుసు అద్ది, అడుగున వేలిగోరంత చోట తాకించాను. ఆ పాతదానికి గంటసేపు రుద్దితే గాని నలుపు కదల్లేదు. దీనికి గుడ్డ తగలగానే సిరాలా దిగిపోయింది. కింద నిన్ననే కొట్లోంచి తెచ్చిన చెంబులా ఇత్తడి. తనకి అమ్మినవాడు తననీ మోసం చేశాడని ఫుర్ఖాన్ గొణిగి, తుపాకీ చుట్టుకుని కాఫీ తాగకుండానే వెళ్లిపోయాడు.

తర్వాతి శుక్రవారం బాబా స్నేహితులొచ్చారు. నేను పాడుచేసిన కార్బైన్ అప్పటికి నడి అరలోకి వచ్చేసింది. బాబా ముందు నా తప్పు చెప్పి వాళ్లని నవ్వించారు, తర్వాత ఫుర్ఖాన్ సంగతి చెప్పారు. ఇక ఈ గదిలోకి ఏది రావాలన్నా ముందు దెబోరా చూడాలి అని, అందరి ముందూ తాళంచెవి నా చేతిలో పెట్టారు.

దాన్ని మెళ్లో గొలుసుకి కట్టుకున్నాను. పాప చేతికి అందుతుందేమోనని రోజుకి పదిసార్లు తడుముకుంటాను. తడుముకున్న ప్రతిసారీ నడుం కాస్త నిటారుగా అవుతుంది.

అమ్మకి ఫోన్ చేసి అంతా చెప్పాను. అంతా విని, పాత చింతపండా, కొత్తదా అని అడిగింది. పాతదే అన్నాను.

"మరి ఎవరు నేర్పారనుకున్నావు?" అంది.