నడుం బాగైతే

“కాసేపు తలకిందులుగా వేలాడితే బాగైపోద్దంట అమ్మాయ్. ఇక నీ పని నువ్వే చేసుకోవచ్చు,” అంది అత్తగారు, హాల్లో బిగించిన ఇన్వర్షన్ టేబుల్‌ని చూస్తూ.

అది దీవెనో పురమాయింపో జయకుమారికి అర్థం కాలేదు.

ఆమె సత్తెనపల్లిలో చర్చి స్కూలు టీచరు. పోయిన వేసవిలో నిండు బిందె ఎత్తబోతే నడుం పట్టేసింది. డిస్కు జారిందని గుంటూరు డాక్టరు చెప్పాడు, అదీ ఆమె భర్త ప్రసన్నకుమార్ వైపు చూస్తూ. అప్పట్నుంచీ నీళ్లు అతనే తెస్తున్నాడు, తెచ్చిన ప్రతిసారీ ఇంట్లో అందరికీ వినపడేలా నిట్టూరుస్తూ. ఈ బల్ల తెప్పించిందీ అతనే. కాళ్లు బిగించుకుని పడుకుంటే తల కిందికి వాలుతుంది, నడుం మీద బరువు దిగుతుందట. ప్రేమతో కొన్నాడా, విసుగుతో కొన్నాడా? రెండూ కావచ్చు. ఆలోచించినకొద్దీ కృతజ్ఞత లేనిది తానేనేమో అనిపించేది.

ఫిజియోథెరపిస్టు జాస్మిన్ మాత్రం ఆమెతోనే మాట్లాడింది. బీపీ చూసింది, కళ్ల జబ్బేమైనా ఉందా అని అడిగింది. కొంచెమే వాలాలి, బల్ల అంతకు మించి తిరక్కుండా దానికి పట్టీ కట్టుకోవాలి, పక్కన మనిషుండాలి, కాలు లాగితే వెంటనే లేవాలి అంది.

ఆ సాయంత్రమే ప్రసన్నకుమార్ పట్టీ విప్పేశాడు. బాగా తిరిగితేనే నరాలు సాగుతాయన్నాడు. వద్దంటే పిరికిదంటాడని ఆమె ఊరుకుంది. బల్ల తిరిగింది. నెత్తురంతా మొహంలోకి దిగింది. నడుం నుంచి ఎడమ మడమ దాకా మంట పాకింది.

“లేపండి,” అంది.

“కాస్త ఓర్చుకో. నీకన్నీ తొందరే.”

పక్క కమ్మీలు పట్టుకుని తనే మెల్లగా పైకొచ్చింది. వంగలేక, కాళ్ల బిగింపులు తీసుకోలేక అలాగే ఉండిపోయింది. అవి అతనే తీశాడు. ఆమె మడమలు కాసేపు నిమిరాడు. అది చూసి తన కోపం ఎటు పోయిందో, అసలెందుకు పోవాలో ఆమెకు తెలియలేదు.

తర్వాత జాస్మిన్ దగ్గరుండి, పట్టీ కట్టి, కొద్దికొద్దిగా వాల్చింది. వారాలు గడిచేసరికి నొప్పి తగ్గసాగింది. తగ్గేకొద్దీ జయకుమారికి బెంగ పట్టుకుంది. ఇన్నాళ్లూ ఏ పనైనా వద్దనడానికి ఆమె దగ్గరున్న కారణం నొప్పి ఒక్కటే. అదీ పోతే ఏం చెప్పాలి? బాగవ్వాలని ప్రార్థించాలా, మానాలా?

ఒక ఉదయం అతను ఖాళీ బిందె ఆమె వైపు జరిపాడు. “తగ్గినట్టుందిగా?”

అబద్ధం నాలుక చివరిదాకా వచ్చింది.

“తగ్గిందండీ. మొయ్యడం నాకిష్టం లేదు.”