నిట్టాడి పీకిన చేతులు

ఆ పొద్దు మా ఇంట్ల ఐదుగురం ఉన్నం. సమితి ఆఫీసు నుంచి వచ్చిన రాఘవరావు సారు, ఊరి పటేలు హనుమండ్లు, మిషన్ బడిల పంతులైన మా బాపు అబ్రహాం, పొయ్యికాడ నన్ను కన్న అవ్వ సంతోషమ్మ, చాయ్ పట్టుకొని తలుపు చాటున నేను. నలుగురిల నోరు తెరవని పిల్లను నేను. చెవులు మాత్రం తెరుసుకునే ఉంటయి.

"ఎవరి నిట్టాడి వాళ్లే పీకాలె. మేము చెయ్యి పెట్టం. నీ మనుషులు కూడ వాగు గడ్డ దిక్కు రావద్దు పటేలా," అన్నడు సారు.

"నాకేం పని సారు? కడుపునిండ తిని పండుకుంట," అని పటేలు నవ్విండు.

నిట్టాడి అంటే గుడిసె నడుమ గుంజ. మా దిక్కు గుడిసె మారేటోళ్లు దాన్ని తమ చేతులతోనే పీకి, ఆ గుంతల చెంబెడు నీళ్లు పోస్తరు. పోసిండ్రంటే ఆ జాగ ఇడిసినట్టే. మళ్ల అడిగేది ఉండదు. సారు మా రివాజుకు మర్యాద ఇస్తుండనుకున్న.

గోదావరి వరదకు ఇండ్లు కొట్టుకపోయిన కూలోళ్లు వాగు గడ్డన గుడిసెలు ఏసుకున్నరు. ఆ గడ్డ నాదంటడు పటేలు. గుడిసెలు నిలవడ్డన్ని దినాలు వాళ్లను ఎవ్వరు లేపొద్దని తాసిల్దారు కచేరి హుకుం.

చెప్పులు బయట ఇడిసి ఆ గుడిసెలల్లకు వంగి వచ్చిన మొదటి ఆఫీసరు రాఘవరావు సారే. కూలోళ్లల్ల పెద్దామె కిష్టవ్వ పెట్టిన జొన్న గట్క తిన్నడు. ఆమె మనుమన్ని ఒళ్లె కూసోపెట్టుకున్నడు.

"సమితి, కచేరి, అడివిని చూసే జంగ్లాతు, అన్ని ఒక్కటై పనిచేస్తున్నయి అవ్వా. ఇల్లు లేనోళ్లు ఉండొద్దని సర్కారు పట్టువట్టింది. గుట్ట కింద జాగ, బావి, పెంకుటిండ్లు."

"పెంకుటిల్లంటే మా ఆమె నన్ను ఆకిట్లనే పండవెడుతది సారు," అన్నడు పక్క గుడిసె లచ్చయ్య. అందరు నవ్విండ్రు.

కిష్టవ్వ నవ్వలే. "జాగ చేతికియ్యుండ్రి, గప్పుడు పీకుతం."

"రెండు దిక్కుల జాగ ఎట్లిస్తరవ్వా? ముందు ఇది ఇడవాలె."

"మీరు చెప్పుండ్రి పంతులూ," అన్నడు సారు. అందరు మా బాపు దిక్కు చూసిండ్రు. వాళ్ల పిల్లలకు అక్షరాలు దిద్దించినోడు ఆయన. "నా మాట మీద పీకుండ్రి," అన్నడు బాపు.

తెల్లారి పీకిండ్రు. బాపు ప్రార్థన చేసిండు. గుంతలల్ల నీళ్లు పోసిండ్రు. కిష్టవ్వ అందరికన్న ఆఖరున పోసింది.

గుంజలు భుజాన ఏసుకొని గుట్ట కిందికి పోతే జంగ్లాతు జవాను అడ్డమొచ్చిండు. "ఇది సర్కారు అడివి. మాకేం హుకుం రాలే. గుంజ పాతితే కేసు." తిరిగి వచ్చేసరికి వాగు గడ్డ మీద పటేలు నాగండ్లు నడుస్తున్నయి. పొయ్యిరాళ్లు సాళ్లల్ల దొర్లుతున్నయి.

"నేను లేపిన్నా? మీరే పీకిండ్రు, మీరే నీళ్లు పోసిండ్రు. ఊరంత చూసింది," అన్నడు పటేలు.

"అన్ని ఆఫీసులు ఒక్కటైనయంటే ఏందో అనుకున్న. మన మీదికే ఒక్కటైనయి," అన్నడు లచ్చయ్య. "పటేలు కాళ్ల మీద పడుదాం. వానకాలం ఎల్లనియ్యమందాం."

"కాళ్లు పట్టుకుంటే గా కాళ్లకిందనే ఉంటవురా," అన్నది కిష్టవ్వ. "జాగ ఇస్తనన్నది సమితోళ్లు. గాళ్ల ఆకిట్లనే పాతుదాం."

సమితికి పోదామన్నోళ్లు, వద్దన్నోళ్లు పొద్దుగూకేదాక కొట్లాడుకున్నరు. తెల్లారి మాత్రం అందరు గుంజలెత్తుకున్నరు. నేనూ వాళ్ల ఎంబడి పోయిన.

సమితి ఆఫీసుకు కరీంనగర్ నుంచి పెద్దసారు వచ్చి ఉన్నడు. మా బాపును కూడ పిలిపించిండ్రు.

"వీళ్లను ఎవరన్న పీకుమన్నరా పంతులూ?" అని పెద్దసారు అడిగిండు.

బాపు కింది దిక్కు చూసిండు. "లేదు సార్. వాళ్ల ఇష్టంతోనే పీకిండ్రు."

కిష్టవ్వ బాపును తిట్టలే. ఊకె చూసింది. ఆ చూపు నేను ఓర్వలేకపోయిన. ముందటికి నడిసిన.

"బాపు మాట మీద పీకిండ్రు సార్," అన్న. "ఆ మాట బాపుతోని అనిపిచ్చింది రాఘవరావు సారు. ఎవరి నిట్టాడి వాళ్లే పీకాలె, నీ మనుషులు రావద్దని మా ఇంట్ల పటేలుకు చెప్పిండు. చాయ్ ఇచ్చింది నేనే. నేను ఇన్న."

"చిన్నపిల్ల," అన్నడు రాఘవరావు సారు.

"చిన్నపిల్లకు ఇనవడ్డది మీకెందుకు ఇనవడదు సారూ?" అన్నది కిష్టవ్వ. గడ్డపార అందుకొని ఆఫీసు ముందట గుంత తవ్వి తన గుంజ పాతింది. ఆఫీసోళ్లు పిలిపిచ్చిన పోలీసులు ఆమెను గుంజుకపోతుంటే లచ్చయ్య ఆ గుంజ పట్టుకున్నడు. లచ్చయ్యను పట్టుకపోతే ఇంకో కూలామె ఐలవ్వ పట్టుకున్నది. పక్కన ఇంకో గుంత, ఇంకో గుంజ. ఎంతమందిని మోసుకపోయినా ఆ ఆకిలి ఖాళీ కాలే.

చీకటి పడంగ ఇంటికొచ్చిన. బాపు ముందే వచ్చిండు. అవ్వ తలుపు కడపల నిలవడ్డది.

"తప్పు ఇన్ననని రేపు పెద్దసారుకు చెప్పు బిడ్డా. బాపు నౌకరి పోతది. ఒక్క మాట. చెప్తనని లోపలికి రా."

"తప్పు ఇనలే అవ్వా."

బాపు లేచి వచ్చి అవ్వను రెక్క పట్టి లోపలికి జరిపిండు. నా మొకం చూడలే. తలుపు పెట్టి లోపల గొళ్లెం ఏసిండు.