లోపలి మడత

దర్జీ పొద్దున్నుంచీ తన చొక్కాను తానే ఇరుకు చేసుకుంటున్నాడు. నలభై ఏళ్లుగా అందరి భుజాలూ నడుములూ కొలిచినవాడు సొంత కొలత తీసుకోవడం ఇదే మొదటిసారి. ఛాతీ నాలుగంగుళాలు తగ్గింది. రక్తపు క్యాన్సర్ ఆరు నెలల్లో అంత పనీ చేసింది. మిగులు గుడ్డను ఇంకొకరైతే కత్తిరించి పారేసేవారు. ఇతను లోపలికి మడిచి, వదులు కుట్టు వేస్తాడు. మనిషన్నాక మళ్లీ ఒళ్లు చేస్తాడని, గుడ్డ ఉంచాలని గిరాకీలతో వాదించేవాడు.

అతనికి అరవై తొమ్మిదేళ్లు. ఆ వయసువాళ్లకు మూలకణాల మార్పిడి ఒకప్పుడు వద్దనేవారట. ఇప్పుడు మందుల మోతాదు తగ్గించి చేస్తున్నామని డాక్టరమ్మ చెప్పింది. కీమోతో జబ్బు అణిగింది కానీ, వదిలేస్తే తిరగబెడుతుంది. చేయించుకున్నా భరోసా లేదన్న సంగతీ ఆవిడ దాచలేదు. కణాలిచ్చేది ఎవరో ఇరవై నాలుగేళ్ల కుర్రాడు. పేరు చెప్పరు. వాడి మెడ కొలత ఎంతుంటుందోనని దర్జీ రెండు రోజులు బుర్ర బద్దలు కొట్టుకున్నాడు.

చిక్కల్లా తోడు దగ్గర వచ్చింది. మార్పిడి తర్వాత వంద రోజులు పక్కన ఒక మనిషి ఉండాలి. జ్వరం చూడాలి, వేళకు మాత్రలివ్వాలి. తోడు లేకపోతే మొదలే పెట్టరు. ఇతనికి పెళ్లి కాలేదు, తోబుట్టువులు లేరు. అయినా నర్సు అడిగినప్పుడు సిగ్గేసి, చెల్లెలుందని అనేశాడు. లేని చెల్లెల్ని వెంటబెట్టుకుని రేపు ఆసుపత్రిలో చేరాలి.

గోడకవతల ఇస్త్రీ ఆవిడ కొట్టు. ఇరవై రెండేళ్లుగా ఇతను కుట్టినవి ఆవిడ ఇస్త్రీ చేస్తోంది. గోడ మీద రెండుసార్లు తడితే బట్టలు సిద్ధమని అర్థం. మాటలు అంతకంటే తక్కువే. ఈయన నోట్లో నాలుకుందో లేదో నాకే తెలీదని ఆవిడ అందరితో మేలమాడేది.

మధ్యాహ్నానికల్లా ఎవరి బట్టలు వాళ్లకు అప్పగించేశాడు. మూడుసార్లు చెయ్యి గోడ దాకా వెళ్లి వెనక్కొచ్చింది. పొద్దు వాలాక తట్టాడు. ఆవిడ వచ్చి బట్టల కోసం చూస్తే, బల్ల మీద తోడు వివరాలు నింపాల్సిన ఆసుపత్రి కాగితం ఒక్కటే ఉంది. దర్జీ నేల చూపులు చూస్తూ విషయమంతా చెప్పాడు, ఆడిన అబద్ధంతో సహా.

ఆవిడ కాగితం తీసుకుని చాలాసేపు చదివింది.

"ఇస్త్రీ పెట్టె మీ ఇంటికి తెచ్చుకుంటాను. నా పని ఆగకూడదు."

దర్జీ తలూపాడు.

"బంధుత్వం దగ్గర ఖాళీ వదిలేశావేం అన్నయ్యా? చెల్లెలని రాయి."

అతనికి ఏడుపొచ్చింది. చొక్కా చేతితో కళ్లు తుడుచుకుని, రాశాడు.

మార్పిడి జరిగి, కొత్త కణాలు నిలదొక్కుకున్నాయి. ఇంటికొచ్చాక ఆకలి కూడా పుట్టింది. యాభయ్యో రోజున చొక్కా కాస్త బిగుతైతే, కుట్టు విప్పనా అని ఆవిడ అడిగింది.

"వంద నిండనీ చెల్లెమ్మా. నేనే విప్పుకుంటా."

అరవై ఒకటో రోజున ఊపిరితిత్తులకు ఇన్‌ఫెక్షన్ సోకింది. ఆసుపత్రికి తీసుకెళ్లిన మూడో రోజున, ఆవిడ అతని నుదుటి మీద తడిగుడ్డ మారుస్తుండగా, దర్జీ పోయాడు. కాగితాల మీద చెల్లెలని ఆవిడే సంతకం పెట్టింది.

ఆసుపత్రివాళ్లిచ్చిన సంచిలో చొక్కా ఉంది. ఉతికి, ఇస్త్రీ చేద్దామని తిరగేసింది. లోపల అటు రెండంగుళాలు, ఇటు రెండంగుళాలు, వదులు కుట్టు కింద గుడ్డ మడిచింది మడిచినట్టే ఉంది.