కత్తెర అప్పగించలేదు

నేను పనిచేసే కుట్టు దుకాణాన్ని ఒక పెద్ద యూనిట్‌లో కలిపేశారు. కొత్త మేనేజర్ నా మెడలో ‘టైలర్’ అని రాసిన కార్డు వేశాడు. నలభై ఏళ్లుగా నేను అదే కదా అని తలూపాను. తీరా చూస్తే ఇక్కడ టైలర్ అంటే మిషను ముందు కూర్చుని కుట్టేవాడట. బట్ట కోసే పని అతనిది కాదట. సోమవారం కత్తెర అప్పగించి మిషను ఎక్కాలి, లేకపోతే ఇంటికి పోవాలి.

కత్తెర లేకపోతే నాకు చేతులు లేనట్టే.

ఆదివారం మా మరదలి దగ్గరికి వెళ్లాను. బడిలో ఇంగ్లీషు చెప్పి రిటైరయింది. నేను మూడో తరగతి దాకా చదివానంటే ఇప్పటికీ నమ్మదు. సంగతి విని లావుపాటి డిక్షనరీ దించింది. టైలర్ అనే మాట ఫ్రెంచివాళ్ల నుంచి ఇంగ్లీషులోకి వచ్చిందట. మొదట్లో దానర్థం కోసేవాడనే. కోసినవాడే కుట్టేవాడు కూడా కాబట్టి, రానురాను కోత మరుగునపడి కుట్టు మిగిలిందట.

“రేపు ఈ మాట చెప్పు బావా. నోరు తెరిస్తే ముత్యాలేం రాలిపోవులే,” అంది.

చెప్పాను. మేనేజర్ నవ్వాడు.

“అదెప్పటి సంగతో పెద్దాయనా. ఇప్పుడు కోసేది కంప్యూటరు.”

బల్లమీద వెల్వెట్ ముప్పై పొరలు పరిచి ఉంది. గుడ్డ కలిసొస్తుందని, పైన కాగితంమీద కోటు ముక్కల్ని ఒకటి నిలువుగా, ఒకటి తలకిందులుగా గీశారు. వెల్వెట్ నూగు ఒకవైపే వాలుతుంది. ముక్కలన్నీ ఒకే దిక్కున కోయకపోతే ఒకే కోటు రెండు రంగుల్లో కనిపిస్తుంది. అరచేత్తో నిమిరితే తెలుస్తుంది. అతను ఎన్నడూ నిమిరినట్టు లేదు.

అతను కోత మిషను మీట నొక్కబోతుంటే బట్టమీద చెయ్యి పెట్టాను. తియ్యమన్నాడు. తియ్యలేదు. పై పొర లాగి, అతను గీయించినట్టే కోటు చేతుల ముక్కలు రెండు కత్తిరించి, కిటికీ దగ్గర పక్కపక్కన పట్టుకున్నాను. ఒకటి నలుపు, ఒకటి బూడిద. కుట్టేవాళ్లంతా మిషన్లు ఆపి చూశారు.

మేనేజర్ నా కార్డు మీద ‘కటింగ్ మాస్టర్’ అని రాయిస్తానన్నాడు.

“వద్దు. టైలర్ అనే ఉంచండి. కోత నాదే. కుట్టేవాళ్ల కార్డులు కూడా మార్చకండి, వాళ్లూ టైలర్లే.”

బట్టమీది గీతల కాగితం తీసి నిలువునా చింపాను. మళ్లీ గీయాలి, జరగమన్నాను.

జరిగాడు.