కుట్టు మింగిన మాటలు

మా వదిన తన చెల్లెలి ఊరికి వెళ్లిపోతోంది. ఇక అక్కడే ఉంటుందట. అన్నయ్యా, మావారూ పోయాక పదకొండేళ్లుగా వదినా, నేనూ ఒకే ఇంట్లో ఉన్నాం. ఆమె పెట్టె సర్దుతున్న వారం రోజులూ నాకు అన్నం సయించలేదు.

చివరికి మిగిలింది పుస్తకాల బీరువా. గట్టి అట్టల పుస్తకాలను వదిన అల్లుళ్లంటుంది. బల్ల మీద కూర్చోబెట్టి మర్యాద చేయాలి, పడుకుని గుండెల మీద పెట్టుకుంటే ఊరుకోవు. మెత్త అట్టలవి ఇంటి మనుషులు. ఎలా మడిచినా, తలగడ కిందికి తోసినా ఏమీ అనుకోవు. బరువని అల్లుళ్లందరినీ నాకు వదిలేసి, మెత్తవన్నీ సంచిలో వేసుకుంది.

"ఆ నీలం అట్టది ఏది వదినా?" అన్నాను.

"పైవాటాలో సంచులు కుట్టే అమ్మాయికిచ్చాను. కొత్తగా చదవడం మొదలుపెట్టింది. అయినా వెన్ను ఊడిపోయిన పుస్తకం నీకెందుకే మరదలు పిల్లా?"

డెబ్బై ఏళ్లొచ్చినా నేనామెకు పిల్లనే. కానీ నా కళ్లు మండాయి. ఆ అమ్మాయి ఈ ఇంటికొచ్చి ఆరు నెలలు కాలేదు. రోజూ మధ్యాహ్నం వచ్చి వదిన పక్కన, నేను కూర్చునే చోటే కూర్చుంటుంది.

ఆ పుస్తకం సంగతి వదినకు తెలియదు. పెళ్లయి కాపురానికి వెళ్లేనాటికి నాకు చదువు రాదు. నాకు ముప్పై ఏళ్లప్పుడు పుట్టింటికొచ్చి కొన్నాళ్లున్నాను. కళ్లు మంటలని అబద్ధం చెప్పి, వదిన చేత ఆ పుస్తకం మూడుసార్లు చదివించుకున్నాను. మాటలన్నీ నోటికొచ్చాయి. ఆ తర్వాత పెరటి గదిలో గడియ వేసుకుని, నోట్లో ఉన్న మాటను కాగితం మీది మాటతో ఒక్కొక్కటే జత చేసుకున్నాను. అలా వచ్చింది నాకు చదువు. సిగ్గేసి ఎవరికీ చెప్పలేదు.

బండి వచ్చేలోగా తెచ్చుకోవాలని మేడెక్కాను.

"పెద్దమ్మా, సమయానికొచ్చారు!" అంది ఆ అమ్మాయి. "కాగితాలు రాలిపోతుంటే మందపు సూదేసి మిషను మీద కుట్టేశాను. చూడండి, ఎంత గట్టిగా ఉందో!"

వంగి చూశాను. అట్ట మీద నుంచి లోపలిదాకా తెల్లదారంతో రెండు వరసలు కుట్టింది, సంచికి అంచు కుట్టినట్టు. పుస్తకం సగమే తెరుచుకుంటోంది. లోపలివైపు అక్షరాలన్నీ కుట్టు కింద పడిపోయాయి.

"అదే వచ్చిన చిక్కు," అంది తల గోక్కుంటూ. "ఇదిగో, 'ఆమె వెళ్లేముందు తల్లి వైపు చూ' దాకా ఉంది. చూసిందా, చూడలేదా?"

చూడలేదు. నాకు బాగా తెలుసు. కానీ వదిన ఇచ్చిన పుస్తకం ఈమె చేతిలో తప్పుగా ఉండిపోతే బాగుండుననిపించింది.

"చూసింది," అన్నాను.

"హమ్మయ్య!" అని పేజీ తిప్పింది. వేలు పెట్టి కూడబలుక్కుని చదివింది. ఆగింది. "మరి ఇక్కడ 'ఒక్కసారి చూసి ఉంటే ఆ తల్లి బతికేది' అంటున్నాడేంటి?"



"చూడలేదమ్మా. నేనే అబద్ధం చెప్పాను."

"ఎందుకు?"

"కుళ్లుకుని చచ్చి," అన్నాను. మొదలుపెట్టాక ఆగలేదు. కంటి మంటలు, పెరటి గది, గడియ, అన్నీ చెప్పేశాను. ఆ అమ్మాయి మిషను మీద చేతులు పెట్టుకుని నోరు తెరుచుకుని వింది.

వెనక నుంచి దగ్గు వినిపించింది. గుమ్మంలో వదిన. బండి వచ్చిందని పిలవడానికి మేడెక్కిందట.

"అంతా విన్నాను," అంది. "నలభై ఏళ్లు దాచావు. పదకొండేళ్లుగా నా పక్కనే ఉన్నావు. నాతో ఒక్క ముక్క అనలేదు. నిన్నగాక మొన్న వచ్చినదానికి మాత్రం పూసగుచ్చినట్టు చెప్పావు."

"వదినా..."

"మాట్లాడకు. దీనికే చెప్పుకో. పుస్తకం దానిది, నువ్వూ దానిదానివే."

నాకోసం వదిన కుళ్లుకోవడం అదే మొదటిసారి. సిగ్గు లేకుండా చెబుతున్నాను, నా కడుపు చల్లబడింది. వదిన గిరుక్కున తిరిగి మెట్లు దిగసాగింది. కింద బండివాడు హారన్ కొట్టాడు. ఆ చల్లదనం అంతలోనే పోయింది. గబగబా మెట్ల దాకా వెళ్లాను.

"వదినా, ఆగు! ఎవరికీ చెప్పనిది ఇంకోటుంది. నీకు తప్ప ఎవరికీ చెప్పను!"

ఆమె ఆగింది. తల తిప్పలేదు కానీ ఆగింది. "ఏంటది?"

అలాంటిదేమీ లేదు. ఉన్న ఒక్కటీ ఇందాకే చెప్పేశాను. గోడ పట్టుకుని ఒక్కో మెట్టూ నెమ్మదిగా దిగుతూ, ఏం చెప్పాలా అని వెతుక్కున్నాను.