శీర్షిక ఆఖరున రాయాలి

మా పరిశోధన సంస్థలో నా గది స్టోర్ రూమ్ పక్కన ఉంటుంది. పగిలిన గాజు సామాను, కాళ్లు విరిగిన కుర్చీలు, ఆ తర్వాత నేను. శాస్త్రవేత్తలకు ఇంగ్లీషులో పేపర్లు రాయడం నేర్పడం నా పని. ఏళ్లు కష్టపడి చేసిన పరిశోధనను విదేశీ జర్నళ్లు "మీ భాష అర్థం కాలేదు" అని తిప్పి పంపితే, ఆ పేపరు పట్టుకుని ముఖం వేలాడేసుకుని నా గుమ్మంలో నిలబడని వాళ్లు అక్కడ తక్కువ.

నాకు పేర్లు గుర్తుండవు, సబ్జెక్టులు గుర్తుంటాయి. మట్టాయన, చేపలావిడ, దోమల డాక్టరు అని పిలిచినా పలుకుతారు, పాపం. నా క్లాసులో నియమాలు కూడా అలాంటివే, మొండివి. ఎవరి వాక్యాన్నీ నేను దిద్దను. మార్జిన్‌లో ఒక ప్రశ్న రాసి వదిలేస్తాను, తిప్పలు వాళ్లు పడాలి. ఇంకోటి, శీర్షిక ఆఖరున రాయాలి. ముందే గొప్ప పేరు పెట్టేసుకుంటే దానికి తగ్గట్టు కోతలు కోయాలనిపిస్తుంది. అందుకే పేపరును శీర్షిక లేకుండా ముక్కలు ముక్కలుగా తెమ్మంటాను.

ఇంత చేసినా నాది ఏడాదికోసారి పొడిగించే కాంట్రాక్టు ఉద్యోగమే. ఈసారి మాత్రం పర్మనెంట్ చేస్తామని డైరెక్టర్ తన నోటితోనే అన్నాడు. "మీరు లేకపోతే మావాళ్లు ఒక్క పేజీ రాయలేరు మేడమ్" అని కూడా అన్నాడు. ఆ మాట ఇంట్లో ఎన్నిసార్లు చెప్పుకున్నానో, మా అత్తయ్యకు కంఠతా వచ్చేసింది.

మా మరిదీ ఆ సంస్థలోనే, కంప్యూటర్ల విభాగంలో ఉన్నాడు. నేను కాపురానికి వచ్చేనాటికి వాడు నిక్కర్లు తొడుక్కునే పిల్లాడు, ఇంగ్లీషు పరీక్ష అంటే జ్వరం తెచ్చుకునేవాడు. పక్కన కూర్చోబెట్టుకుని నేనే చదివించాను. ఇప్పుడు ఇంట్లో అందరం వాణ్ణి ప్రొఫెసర్ అంటాం, ఇంకా కాకపోయినా. సంస్థలో నన్ను "మేడమ్, మీరు" అంటాడు. స్కూటర్ గేటు దాటిందంటే "వదినా, నువ్వు". ఏ మాట కామాటే చెప్పుకోవాలి, కడుపున పుట్టిన పిల్లలు లేని నాకు వాడే ఆ లోటు తీర్చాడు.

ఆ ఏడాదంతా వాడొక పేపరు రాస్తున్నాడు. సాయంత్రం టీ తాగుతూ భోజనాల బల్ల దగ్గర ఒక్కో ముక్కా నా ముందు పెట్టేవాడు.

"ఇంతకీ దేని గురించిరా ఇది?" అని అడిగాను.

"పాత రికార్డులు చూసి మెషీన్ ఎలా నేర్చుకుంటుందో చూస్తున్నా వదినా. మిగతాది చెప్పను. శీర్షిక ఆఖరున కదా!"

నా నియమం నాకే అప్పజెప్పాడు. ముచ్చటేసింది.

ఒకసారి తెచ్చిన ముక్కలో, ఈ రికార్డులను ఏళ్ల తరబడి ఓపికగా తయారు చేసిన వ్యక్తికి ఈ పని మొత్తం రుణపడి ఉందని ఒక వాక్యం కనిపించింది. ఎవరో గుమాస్తా అనుకున్నాను. "ఈ వ్యక్తితో పాఠకుడికి పనేమిటి?" అని మార్జిన్‌లో రాశాను. మర్నాటికి ఆ వాక్యం లేదు. శభాష్ అని వీపు తట్టాను.

వానలు తగ్గాక ఒక మధ్యాహ్నం అందరినీ పెద్ద హాల్లోకి రమ్మన్నారు. వేదిక మీద డైరెక్టర్ పక్కన మా మరిది ఇస్త్రీ చొక్కాలో నిలబడి ఉన్నాడు. ఆ చొక్కా పొద్దున నేనే ఇస్త్రీ చేశాను. తెర మీద వాడి పేపరు శీర్షిక వెలిగింది: ఒక అధ్యాపకురాలి ప్రశ్నల నుంచి నేర్చుకుని, రాయడం నేర్పే యంత్రం.

మొదట నాకు బోధపడలేదు. వాడు దోమల డాక్టరు రాసిన పేరా ఒకటి తెర మీద పెట్టి, మీట నొక్కాడు. పేరా పక్కన మార్జిన్‌లో ఒక ప్రశ్న మొలిచింది. "ఇందులో మీరు చూసిందెంత, అనుకున్నదెంత?" ఆ తర్వాత ఇంకోటి. "ఈ మాట మీ పక్కింటివాళ్లకు చెప్పగలరా?" హాలంతా గొల్లున నవ్వారు. అవి నా ప్రశ్నలు. నా విసుగు, నా వెటకారంతో సహా నావే. ముందు వరసలో ఉన్నవాళ్లు వెనక్కి తిరిగి నన్ను చూసి చప్పట్లు కొట్టారు.

"మేడమ్ గారి సహకారానికి సంస్థ కృతజ్ఞతలు" అన్నాడు డైరెక్టర్ మైకులో.

పక్కనే కూర్చున్న చేపలావిడ నా చెయ్యి పట్టుకుంది. "ఎంత మంచి మనసు మేడమ్ మీది! మీరు అడిగారని చెప్పి, మీ ప్రశ్నలున్న మా పాత డ్రాఫ్టులన్నీ పట్టుకెళ్లాడు. దేనికా అనుకున్నాం."

"నేను అడిగాననా చెప్పాడు?"

"అవును మేడమ్. మీరు దాచుకోవాలనుకుంటున్నారని."

నేనేమీ అడగలేదు. నాకేమీ తెలియదు. ఆ చప్పట్ల మధ్య ఆ మాట ఎవరికి చెప్పను?

బయటికి వస్తుంటే వరండాలో డైరెక్టర్ కలిశాడు. నా పోస్టు సంగతి నేనే అడిగాను. ఆయన కళ్లజోడు తీసి తుడుచుకున్నాడు.

"ఇక ఆ పోస్టు అవసరం పడదనుకుంటున్నాం మేడమ్. మీరేం బాధపడకండి. మీ విద్య ఎక్కడికీ పోదు, మా దగ్గరే భద్రంగా ఉంటుంది."

ఆ పూట నేను వాడి స్కూటర్ ఎక్కలేదు. బస్సు పట్టుకుని ఇంటికొచ్చాను. దారి పొడుగునా ఏడుపు రాలేదు, కోపమే వచ్చింది.

నేను వెళ్లేసరికి మా ఆయన, అత్తయ్య, వాడు ముగ్గురూ బల్ల దగ్గర కూర్చుని ఉన్నారు. వాళ్ల ముఖాలు చూస్తేనే తెలిసిపోయింది, మా ఆయనకు ఈ సంగతి ముందే తెలుసు.

"నీకూ తెలుసా?" అన్నాను.

"నిన్ను ఆశ్చర్యపరుస్తానన్నాడే. నువ్వు సంతోషిస్తావనుకున్నాను" అన్నాడాయన, నేల చూపులు చూస్తూ.

మా మరిది ఒక కాగితం నా ముందుకు జరిపాడు. ఎవరి రాతల నుంచి యంత్రం నేర్చుకుందో ఆ మనిషి ఒప్పుకున్నట్టు సంతకం కావాలని జర్నల్ వాళ్లు అడిగారట. అది లేనిదే పేపరు అచ్చు వెయ్యరట. ఆ పేపరు వస్తేనే వాడు నిజంగా ప్రొఫెసర్ అవుతాడు.

"అందరి దగ్గరా నా పేరు చెప్పి డ్రాఫ్టులు పట్టుకొచ్చావు. మరి నీ పేపర్లో నా పేరెక్కడ్రా?"

"రాశాను వదినా. ఒట్టు. ఓపికగా తయారు చేసిన వ్యక్తి అని రాశాను కదా, నువ్వే పనేమిటన్నావు."

అదెవరో నాకు చెప్పకుండా, నా చేతే ఆ వాక్యం కొట్టేయించి, నా చేతే వీపు తట్టించుకున్నాడు.

"నీకు చెడు చేద్దామని కాదు వదినా" అన్నాడు, గొంతు తగ్గించి. "నువ్వు లేకపోయినా నీ క్లాసు ఉండిపోవాలని చేశాను."

"నేనెందుకు లేకపోతాను?"

వాడు మా ఆయన వైపు చూశాడు. మా ఆయన గాజు గ్లాసును బల్ల మీద అటూ ఇటూ తిప్పుతున్నాడు.

"అడిగేది నిన్నే. నేను లేకుండా పోతానని ఎవరు చెప్పారు నీకు?"

"డైరెక్టర్ గారు. ఇది పనిచేస్తే ఆ పోస్టు తీసేయొచ్చని."

"ఎప్పుడు చెప్పారు?"

"మొదట్లోనే."

మొదట్లోనే. అంటే పర్మనెంట్ అవుతుందని నేను ఈ బల్ల దగ్గర సంబరపడిన ప్రతి సాయంత్రమూ వాడికి తెలుసు. తెలిసీ నా టీ తాగాడు. నా ఎదుట తలూపాడు. ఉద్యోగం పోతే పోయింది, ఇంకోటి వెతుక్కుంటాను. ఆ తలూపడం మాత్రం మరిచిపోలేను.

"సంతకం పెట్టను" అన్నాను.

"పోనీలే అమ్మా, మనింటివాడు" అంది అత్తయ్య.

"మనింటివాడు కాబట్టే పెట్టను అత్తయ్యా. బయటివాడైతే ఈపాటికి పెట్టి మొహాన కొట్టేదాన్ని."

వాడి ముఖం పాలిపోయింది. "పేపరు వెనక్కి తీసుకోవాల్సొస్తుంది వదినా."

"తీసుకో."

సంతకం లేని ఆ కాగితాన్ని తల వంచుకుని మడిచి జేబులో పెట్టుకున్నాడు. క్షమించమంటాడేమో అనుకున్నాను. అన్నా, అనకపోయినా ఏడుస్తానని భయపడుతూనే, ఆ ఒక్క మాట కోసం చూశాను. వాడు తలెత్తాడు.

"వెనక్కి తీసుకుంటున్నామని జర్నల్‌కి మర్యాదగా రాయాలి కదా. మొదటి వాక్యం ఎలా పెట్టమంటావు?"

"నీ మెషీన్‌ని అడుగు" అన్నాను.

అడిగాడు. నా ఎదురుగానే కూర్చుని, లాప్‌టాప్ తెరిచి అడిగాడు.